మంగళగిరి పెళ్ళికూతురి జిమ్ కేబుల్

నేను ఏం పని చేసేవాడినో మా బంధువుల్లో సగం మందికి ఇప్పటికీ తెలియదు. జిమ్ములో ఉద్యోగమని వాళ్ళ నమ్మకం. అందుకే ఎక్కడ కనపడినా ముందు నా మొహం చూసి, తర్వాత నా పొట్ట చూసి, మర్యాదకు నవ్వు ఆపుకుంటారు. అయ్యా, నేను కండలు పెంచే మనిషిని కాదు. కండలు పెంచుకుందామని ఇంట్లో మిషన్లు కొనుక్కున్నవాళ్ళ కేబుళ్ళు తెగితే వెళ్ళి మార్చే మనిషిని. గుంటూరు బ్రాడీపేటలో ఆటవస్తువులు అమ్మే ఒక షాపు తరఫున రిటైరయ్యేదాకా అదే పని చేశాను. ఇంత సరదా ఉద్యోగం ఇంకోటి ఉంటుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళు, ఈమధ్య ఒకరిద్దరు అమ్మాయిలు కూడా, నాకు ఫోన్ చేసి "దేవదానం గారూ, ఏ సైజు కేబుల్ వెయ్యాలండీ?" అని అడుగుతుంటారు. సైజు డబ్బా మీద రాసే ఉంటుంది తల్లీ. డబ్బా మీద రాయని సంగతులు కొన్ని చెబుతాను, వినండి.

మిషను ఎక్కేది ఎవరు

ఇంట్లో పెట్టుకునే జిమ్ మిషను అంటే ఒక ఉక్కు చట్రం. ఒకవైపు దొంతరగా ఇనుప పలకలు, పైన పట్టుకుని కిందికి లాగే కడ్డీ. ఆ కడ్డీకీ పలకలకీ మధ్య, పుల్లీల మీదుగా తిరుగుతూ, ప్లాస్టిక్ తొడుగు వేసిన ఉక్కుతాడు ఒకటి ఉంటుంది. కేబుల్ అంటే అదే. మిషను మొత్తానికి ప్రాణం అందులోనే ఉంటుంది, దాన్ని పట్టించుకునేవాడు మాత్రం ఇంట్లో ఒక్కడూ ఉండడు.

మొదటి నెల మిషను మీదకి ఇంటాయన ఎక్కుతాడు. రెండో నెల నుంచి తువ్వాళ్ళు ఎక్కుతాయి. తడి బట్టల నీళ్ళు కేబుల్ మీదుగా కారి, తొడుగు చిట్లిన చోట లోపలికి దిగి తుప్పు పడుతుంది. ఎప్పుడో పండక్కి బావమరిది వచ్చి, నా బలం చూడండి అని ఒక్క గుంజు గుంజుతాడు. టప్పుమంటుంది. నేను వెళ్ళగానే ఇల్లంతా బావమరిది మీద నేరం మోపుతుంది. పాపం, అసలు దోషి దండెం. కేబుల్ ఎందుకు తెగిందని అడగకండి, మిషను మీద ఏం ఆరేస్తారని అడగండి. ఇంటావిడ మొహం చూస్తే జవాబు తెలిసిపోతుంది.

బొట్టు పెట్టిన పుల్లీలు, నూనె రాసిన తాడు

దసరా వెళ్ళిన వారం మాకు చేతినిండా పని. ఆయుధపూజ రోజు మన గుంటూరోళ్ళు కారుకీ, బోరు మోటారుకీ, మిక్సీకీ బొట్టు పెట్టాక జిమ్ మిషన్ని వదిలేస్తారా? పుల్లీ పుల్లీకీ పసుపు, కుంకుమ, దాని పక్కన బంతిపూల దండ. పలకల కింద నిమ్మకాయ. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు ఎక్కడ చల్లుతారో నేను చెప్పక్కర్లేదు. నాలుగు రోజులకు పుల్లీ బిగుసుకుపోతుంది, కేబుల్ దాని మీద జారకుండా ఒరుసుకుపోతుంది, తొడుగు లేచిపోతుంది.

మావాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా! మా చర్చిలో టీచరుగా పనిచేసే ఒకాయన మిషను కొని, ప్రతిష్ఠ ప్రార్థనకు పాస్టరు అయ్యగారిని పిలిచాడు. అయ్యగారు మంచి మనసుతో కడ్డీకి, కేబుల్‌కి కొబ్బరినూనెతో అభిషేకం చేశారు. మర్నాడు పొద్దున్నే మా టీచరు కడ్డీ పట్టుకుని లాగాడు. కడ్డీ చేతిలోంచి జారి పైకి వెళ్ళిపోయింది, ఆయన కింద చతికిలబడ్డాడు. నూనె మీద దూది పేరుకుంది. మన ఊళ్ళ గాలిలో పత్తి రోజుల్లో ఎంత దూది ఎగురుతుందో మీకు తెలుసు. నేను వెళ్ళేసరికి ఆ కేబుల్ కుందేలు తోకలా ఉంది.

బొట్టు చట్రానికి పెట్టుకోండి, ప్రార్థన కూడా చట్రం దగ్గరే చేసుకోండి, దేవుడు సర్దుకుంటాడు అని రెండు మతాల వాళ్ళకీ చెప్పాను. ఇరువర్గాలూ నా మాట వినలేదు.

సత్తెనపల్లిలో మిరపకాయల వ్యాపారి ఒకాయన కొడుకుది ఇంకో దారి. మిషనుతో వచ్చిన పలకలు అబ్బాయిగారి బలానికి చాల్లేదట. పక్కనే గోదాం. నిండు మిరప టిక్కీ ఒకటి తెచ్చి, ఆ బస్తాని కొక్కేనికి తగిలించి లాగాడు. కేబుల్ తెగింది, బస్తా పగిలింది. ఫోన్ చేశారు గానీ నాకు మాట ఒక్కటీ వినపడలేదు, అన్నీ తుమ్ములే. నేను మూతికి తడి తువ్వాలు చుట్టుకుని వెళ్ళి, ఏడుస్తూ, తుమ్ముతూ కేబుల్ మార్చాను. పక్కగదిలోంచి వాళ్ళ నాయనమ్మ మాత్రం ఆపకుండా ఒకటే అడుగుతోంది.

"ఏరా, వచ్చాయా కండలు? వచ్చాయా?"

మా రాజ్యలక్ష్మి గారు

షాపు ఓనరు రాజ్యలక్ష్మి గారు. నేను చూసిన బాసుల్లో అంత గట్టిగా అరిచే మనిషి లేరు, అంత నిజం చెప్పే మనిషీ లేరు. షాపులో కేబుల్ మార్చిన ప్రతి మిషను మీదా ఆవిడే చెంగు బిగించి కూర్చుని, కడ్డీ పట్టుకుని బలమంతా పెట్టి లాగేవారు. "నన్ను మొయ్యలేనిది జనాన్నేం మోస్తుందయ్యా" అనేవారు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఆవిడకి లెక్క లేదు.

ఆవిడలో ఒక్కటే లోపం. కస్టమరు ఏడుపు గొంతుతో ఫోన్ చేస్తే చాలు, సరుకు ఉందో లేదో చూడకుండా "రేపే పంపిస్తాను" అనేవారు. ఆ రేపుల కోసం నేను ఎన్ని బస్సులు ఎక్కానో!

కానీ ఆవిడ పెట్టిన ఒక కట్టడి నేను నెత్తిన పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి. తెగిన కేబుల్‌ని అతకకూడదు. ముడి వెయ్యకూడదు, క్లిప్పు వెయ్యకూడదు, వెల్డింగు షాపు వాడి మాట వినకూడదు. మొత్తం తీసి కొత్తది వెయ్యాలి. "దేవదానం, అతికి ఇచ్చావని తెలిసిందో, ఆ అతుకు కిందే నిన్ను కూర్చోబెడతా" అని నేను చేరిన రోజే చెప్పారు. కేబుల్ తెగితే కడ్డీ వచ్చి పడేది లాగేవాడి నెత్తి మీద. అందులో వాదించడానికేమీ లేదు.

ఆ కట్టడితోనే ఒకసారి మంగళగిరిలో పీకల్లోతు ఇరుక్కున్నాను.

గంజి పెట్టిన ఉక్కు

మంగళగిరిలో వీరయ్య గారని మగ్గం నేసే పెద్దాయన. ఆయన కూతురు నాగలక్ష్మి. నాన్న నేసిన చీరల్ని ఫోన్లో వీడియో పెట్టి అమ్మే పిల్ల, మహా చలాకీ. పెళ్ళి కుదిరింది. అబ్బాయి చీరాలలో టీచరు, పేరు శ్రీనివాసు, మంచి పొడగరి. నిశ్చితార్థం నాడే నాగలక్ష్మి మగపెళ్ళివారందరి ముందూ "తలంబ్రాల్లో మీవాడిని ముంచేస్తా, చూసుకోండి" అని సవాలు చేసిందట. ఆ తర్వాత స్కూటీ మీంచి పడింది. కుడి భుజం జారింది. కట్టు విప్పేసరికి చెయ్యి భుజం ఎత్తుకు మించి లేవడం లేదు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చూసి, నాగలక్ష్మి వాళ్ళన్నయ్య కొన్న జిమ్ మిషను ఇంట్లోనే ఉందని తెలుసుకుని, అన్నిటికంటే తేలికైన పలక ఒక్కటి పెట్టి కడ్డీతో పాటు చెయ్యి నెమ్మదిగా పైకి వదలడం నేర్పింది. రోజుకి ఇంత చొప్పున చెయ్యి లేస్తోంది. నుదుటి దాకా వచ్చింది. పెళ్ళి దగ్గర పడింది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, కడ్డీ దగ్గర కేబుల్ తెగింది. వాళ్ళింట్లో ఆ మిషను మీద ఆరేసేది తడి నూలు చిలపల కట్టలని వేరే చెప్పాలా?

నాగలక్ష్మి షాపుకి ఫోన్ చేసింది. రాజ్యలక్ష్మి గారు యథాప్రకారం "రేపే" అన్నారు. ఆ సైజు కేబుల్ మాత్రం విజయవాడ నుంచి రావాలి. అది తీసుకుని నేను మంగళగిరి చేరేలోపు వీరయ్య గారు ఊరుకోలేదు. నేతగాడాయన, తెగినదాన్ని చూస్తూ కూర్చోవడం చేతకాదు. ఉక్కుతాడు చివర్లు విప్పి, పోగుకి పోగు అతికారు.

నేను గుమ్మంలో అడుగుపెట్టగానే చెయ్యి పట్టుకుని మిషను దగ్గరికి లాక్కెళ్ళారు.

"అతుకు ఎక్కడుందో పట్టుకోండి చూద్దాం, దేవదానం గారూ!"

నిజం చెబుతున్నాను, కంటికి కనపడలేదు. వేలుతో తడిమితే సన్నటి ఉబ్బు తగిలింది. వేలికి జిగట అంటింది.

"ఏం పూశారండీ దీనికి?"

"గంజి."

"ఉక్కుకి గంజి పెట్టారా?"

"పెట్టకపోతే నూగు లేవదూ?" అన్నారు, ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

నవ్వు తన్నుకొచ్చింది. కానీ నాగలక్ష్మి మొహం చూసి మింగేశాను. ఆ పిల్ల గోడకి ఆనుకుని భుజం పట్టుకుని కూర్చుంది.

"నాన్న కట్టింది బాగానే ఉందండీ. నిన్న లాగుతుంటే పుల్లీలో ఇరుక్కుంది. ఉన్నట్టుండి జారి గుంజేసింది. మళ్ళీ భుజం దాకే లేస్తోంది" అంది. కళ్ళ నిండా నీళ్ళు. "ముహూర్తం మార్చమని చెప్పేశాను."

వాళ్ళమ్మ వంటింట్లోంచి వచ్చింది. "మార్చడమేంటే? మీ అత్తగారు చెప్పారుగా, చేతులు పట్టుకుని వాళ్ళే పోయిస్తామని!"

"ఎవరో నా చేతులు పట్టుకుని పోయించడానికి నేనేం బొమ్మనా అమ్మా? లేస్తే నా చేతులే లేవాలి. లేకపోతే లేచినప్పుడే పెళ్ళి."

నాకు ఆ పిల్ల మొండితనం ఎంత నచ్చిందో చెప్పలేను. అదే సమయంలో భయమూ వేసింది. ఆ కేబుల్ అలాగే ఉంచి ఇంకోసారి లాగితే ఈసారి పూర్తిగా ఊడొస్తుంది, కడ్డీ అదే భుజం మీద పడుతుంది.

"వీరయ్య గారూ, ఇది కోసెయ్యాలండీ" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. "మా పిల్ల కోసం పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కూర్చుని కట్టానండీ."

రాజ్యలక్ష్మి గారికి ఫోన్ చేశాను. ఆవిడకి ఫోన్ అక్కర్లేదు, గుంటూరులో కిటికీ తెరిచి మాట్లాడినా మంగళగిరిలో వినపడుతుంది.

"అతుకా? కోసెయ్! ఆయన ఎంత బాగా కట్టినా కోసెయ్! పెళ్ళికూతురి నెత్తి మీద కడ్డీ పడితే తలంబ్రాలకు బదులు కుట్లు పడతాయి!"

అందరూ విన్నారు. ముందు నాగలక్ష్మి ఫక్కున నవ్వింది. తర్వాత వాళ్ళమ్మ. చివరికి వీరయ్య గారు కూడా నవ్వి, "ఆవిడెవరో నిజం మాట్లాడే మనిషి. కొయ్యండి. నేను మాత్రం చూడను" అని అటు తిరిగి నిలబడ్డారు.

కోశాను.

పడుగు అతికినట్టు

అసలు తంటా అప్పుడు మొదలైంది. కేబుల్ మార్చేటప్పుడు మామూలుగా మూతలన్నీ విప్పి, పాత కేబుల్ ఏ పుల్లీ మీంచి ఎటు తిరిగిందో ఫోటో తీసుకుని, దాన్ని తీసేసి కొత్తది ఆ దారినే దూరుస్తాం. ఆ మిషనుకి వెనక నిలువు గొట్టంలో ఒక పుల్లీ దాగుంది. మూత బోల్టులు తుప్పు పట్టి అతుక్కుపోయాయి. నేను స్పానరు పెట్టి ఎంత తిప్పినా కదలవు. గట్టిగా కొడితే గొట్టం సొట్టపోతుంది. సరే, ముందు పాతది లాగేద్దాం, దారి తర్వాత వెతుక్కోవచ్చని దాని చివర పట్టుకున్నాను.

"ఆగండి! ఆగండి!" అని వీరయ్య గారు అరిచారు. చూడనన్న మనిషి ఎప్పుడు ఇటు తిరిగారో! "పాతది బయటికి తీసేస్తే లోపలికి దారెవరు చూపిస్తారండీ?"

మగ్గం దగ్గరికి పిలిచి చూపించారు. చీరలు నేసి నిలువు పోగుల పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగుల్ని మగ్గంలోంచి పూర్తిగా తీసెయ్యరట. వాటి చివర్లకే కొత్త పడుగు పోగులు అతికి, నెమ్మదిగా ముందుకి లాగుతారు. పాత పోగు వెళ్ళే దారినే కొత్తది వచ్చేస్తుంది. మళ్ళీ ఒక్కొక్కటీ దూర్చే బాధ ఉండదు.

"పాత కేబుల్ తోకకి కొత్తదాని తల అతుకుదాం. ఇది బరువు మొయ్యక్కర్లేదుగా, దాటితే చాలు. మీ మేడమ్ గారు దీనికీ వద్దంటారా?"

"అననివ్వను" అన్నాను.

ఈసారి కట్టిన అతుకు చూడాలి మీరు. రెండు చివర్లూ ఎదురెదురుగా పెట్టి, నూలుదారంతో ఇటునుంచి అటు చుట్టి, కొసల్లో సన్నబడేలా లాగారు. అసలు కేబుల్ కంటే లావు లేదు. గంజి కూడా పెట్టారు, నేను ఆపలేదు. నాగలక్ష్మి వాళ్ళన్నయ్య పలకల వైపు నుంచి పాతదాన్ని లాగాడు. నేను కడ్డీ వైపు నుంచి కొత్తదాన్ని అందించాను. పై పుల్లీ దాటింది. గొట్టంలోకి దిగింది. ఆగింది.

అన్నయ్య బలంగా గుంజబోయాడు.

"ఒరేయ్, గుంజకు! కాస్త వెనక్కి వదిలి లాగు" అన్నారు వీరయ్య గారు.

వదిలాడు. మెల్లిగా లాగాడు. ఏదో చిన్నగా కదిలినట్టయింది. ఆ తర్వాత వరసగా జారుతూ, కింద పుల్లీ పక్కనుంచి తెల్లటి నూలు చుట్టిన ముక్క బయటికి వచ్చింది. ఇల్లంతా ఒకటే కేక. వాళ్ళమ్మ చప్పట్లు కొట్టింది. నేను, ఇంత వయసున్న మనిషిని, గంతేశాను.

నూలు విప్పి, పాతది తీసేసి, కొత్త కేబుల్ కొసకి లోహపు గొట్టం తొడిగి నొక్కాను. పలకలకి బిగించాను. రాజ్యలక్ష్మి గారి పద్ధతిలో ముందు నేనే కూర్చుని, నా పొట్ట బరువుతో సహా కడ్డీకి వేలాడాను. అరిగి గరుకైన పై పుల్లీని కూడా మార్చేశాను. కేబుల్ మార్చి పుల్లీ చూడని మెకానిక్ మళ్ళీ అదే ఇంటికి వెళ్ళక తప్పదు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా నా సంచిలో స్పానర్లతో పాటు మంగళగిరి నూలు ఉండ ఒకటి ఉండేది. దారి కనపడని మిషను ఏదొచ్చినా నాకు బెంగ లేదు. మీరూ ఒకటి పెట్టుకోండి.

ఫిజియోథెరపీ అమ్మాయిని పిలిపించి, ఆవిడ చూసి సరేనన్నాకే నాగలక్ష్మిని కూర్చోబెట్టాం. కడ్డీ పట్టుకుని మెల్లిగా వదిలింది. భుజం దాటింది. గడ్డం దాటింది. అక్కడ ఆపేసింది.

"ఇంతేనా?" అన్నారు వీరయ్య గారు, గొంతు చిన్నది చేసుకుని.

"ఇవాళ్టికి ఇంతే నాన్నా. ముహూర్తం మార్చొద్దులే" అంది.

తలంబ్రాలు

పెళ్ళికి నన్నూ, రాజ్యలక్ష్మి గారినీ పిలిచారు. ఆవిడ ఆ ఇంటి చీరే కొని కట్టుకొచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నేను పక్కన. ఎన్నో మిషన్లు బాగుచేశాను గానీ, మళ్ళీ వెళ్ళి అది వాడిన మనిషి చెయ్యి ఎంత లేచిందో చూసే అదృష్టం మన పనిలో ఎవరికి దొరుకుతుంది? చెయ్యి పూర్తిగా లేచిందా అని పొద్దున అడిగితే నాగలక్ష్మి చెప్పలేదు. "చూస్తారుగా" అని వెళ్ళిపోయింది. మిగతా పెళ్ళంతా నేను ఆ పిల్ల కుడి చేతి వంకీ వైపే చూస్తూ కూర్చున్నాను.

తలంబ్రాల పళ్ళేలు వచ్చాయి. ముందు శ్రీనివాసు పోశాడు. తర్వాత నాగలక్ష్మి రెండు చేతులా దోసిలి నింపింది. శ్రీనివాసు మంచివాడు, సంగతి తెలిసినవాడు. పీటల మీద కూర్చుని కూడా అంత ఎత్తున్న మనిషి, ఆ పిల్లకి కష్టం కాకూడదని నెమ్మదిగా తల వంచాడు.

"వంగొద్దు!" అంది నాగలక్ష్మి. మైకు దగ్గరలోనే ఉంది, మండపమంతా వినపడింది. "వంగారంటే ఊరుకోను. నిటారుగా కూర్చోండి!"

జనం గొల్లుమన్నారు. శ్రీనివాసు బెదిరిపోయి మేకు కొట్టినట్టు నిటారుగా కూర్చున్నాడు. దోసిలి లేచింది. భుజం దాటింది. చెవి దగ్గర ఒక్క క్షణం ఆగింది. వీరయ్య గారు కూతురి మొహం చూడటం లేదు, ఆ కుడి మోచేతినే చూస్తున్నారు. రాజ్యలక్ష్మి గారు నా చెయ్యి పట్టుకుని నలిపేస్తున్నారు. మోచెయ్యి మళ్ళీ కదిలింది. దోసిలి పెళ్ళికొడుకు తల దాటి, వాళ్ళిద్దరి మధ్య పైనుంచి వేలాడే పూలదండల కొసలు దాటి, ఇంకా పైకి వెళ్ళింది. అక్కడినుంచి విప్పింది.

తలంబ్రాలు శ్రీనివాసు తలమీద, పంతులుగారి పుస్తకం మీద, ముందు వరసలో మా మీద కూడా పడ్డాయి. సన్నాయి జోరెత్తింది. జనం ఈలలు వేస్తున్నారు. దోసిలి ఖాళీ అయిపోయింది. నాగలక్ష్మి మాత్రం చేతులు దించలేదు. ఖాళీ చేతులు రెండూ నెత్తి మీద అలాగే నిటారుగా పెట్టుకుని, వాటినే చూసుకుంటూ నవ్వుతోంది.

పంతులుగారు కాసేపు చూసి, "అమ్మాయీ, అయిపోయాయి, ఇక దించొచ్చు" అన్నారు.

"కాసేపు ఉండనివ్వండి పంతులుగారూ" అంది.